పై గీత మీద పేరు

నర్సీపట్నం,
12-12-1982

ఒరే బుల్లోడా,

యాభై రెండేళ్ళ మొగాణ్ణి పట్టుకుని బుల్లోడా ఏమిటని నీ పెళ్ళాం నవ్వితే నవ్వనీ. అమ్మ పోయేనాటికి నీకు మూడేళ్ళు, నాకు పన్నెండు. ఆ రోజు నా చంకెక్కావు. దిగినట్టు నాకు ఎవరూ చెప్పలేదు.

రమణబాబు సంవత్సరీకం అయిన మర్నాడు చెప్పకుండా తొలి బస్సుకి వెళ్ళిపోయావు. నేను నిద్రపోతున్నాననుకున్నావు. మెలకువగానే ఉన్నాను. నువ్వు నా మొహం చూడలేక వెళ్తున్నావని తెలిసి కళ్ళు తెరవలేదు. కోపం లేదు. పేట ఎంత దూరంరా, గంటన్నర బస్సు. అయినా నువ్వు రావు, నేను కదలను. అందుకే ఉత్తరం.

ఏడాది అయిపోయింది కదా, ఇక గడప దాటు అంటున్నారు అందరూ. బలిఘట్టం గుడికైనా రమ్మంటున్నారు. కుట్టుమిషను ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదు. మన రమణబాబు ఉన్నప్పుడు హైస్కూల్లో ఈల మోగితే, నా కొడుకు ఊదాడని జాకెట్టు కుడుతూనే గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు కొత్త డ్రిల్లు మాస్టారు ఊదుతున్నాడు. పాపం, ఆయనకి ఊదడం రాదు.

ఇంకో సంగతి. వాడి కాన్వాసు బూట్లు కనపడటం లేదు. పందెంలో వేసుకునేవి, కుడిదాని పక్క చిరిగితే నేను ఎర్రదారంతో కుట్టానే, అవే. గిన్నెలు తోమే జోగులమ్మని అడిగాను. "ఆ బాబు బూట్లు నాకేటికమ్మా? నా కాళ్ళకి సెప్పులే నేవు" అంది. అడిగిన తీరు బాగాలేదేమో, ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పని మాత్రం చేస్తోంది. గిన్నెలతో మాట్లాడుతోంది.

నీ ఒంట్లో ఎలా ఉందో రాయి.

ఇట్లు, నీ అక్క,
వర్ధనమ్మ

తా.క. ఒంట్లో బాగానే ఉందని రాయకు. అది నాకు తెలిసిన అబద్ధమే. కొత్తది ఏదైనా రాయి.


పాయకరావుపేట,
20-12-1982

అక్కకి సోమసుందరం నమస్కారాలు.

కార్డు ముక్క కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. కొత్త సంగతి అడిగావు. నాకు నెల రోజులుగా తెల్లవారేసరికి పరుగు తప్పడం లేదు. మొదట్లో తాండవ ఏటి గట్టు చేరకుండానే సగం దారిలో పని అయిపోయేది. ఇప్పుడు గట్టు దాకా వెళ్ళగలుగుతున్నాను. తిరిగి వచ్చేసరికి బట్టలు తడిసిపోతాయి. బాలాంబకి తెలిస్తే కంగారు పడుతుందని నేనే ఉతుక్కుంటున్నాను. కానీ అక్కా, తర్వాత ఒళ్ళు ఎంత తేలిక అవుతుందో చెప్పలేను.

జోగులమ్మని ఏమీ అనకు. బూట్లు ఎక్కడికీ పోవు.

నీ తమ్ముడు,
సోమసుందరం


నర్సీపట్నం,
24-12-1982

ఒరే బుల్లోడా,

నెల రోజులా? నెల రోజుల నుంచి పరుగులు పెడుతూ ఇప్పుడా రాయడం? అదీ కార్డు మీదా? నీ కార్డు నాకంటే ముందు పోస్టుమాను చదివాడు. గుమ్మంలో నిలబడి, "తమ్ముడుగోరికి ఇంకా కట్టలేదేటండీ?" అన్నాడు. పక్కింటివాళ్ళు విన్నారు. సాయంత్రానికి వీధి వీధంతా వచ్చి తలా ఒక మందు చెప్పి వెళ్ళారు. నీ కడుపు మా వీధి ఉమ్మడి కడుపు అయిపోయింది.

దానిమ్మ తొక్కల పొడి, వేయించిన మెంతులు, వాము, మూడు పొట్లాలు కట్టి తుని బస్సు కండక్టరు తాతబ్బాయికి ఇచ్చాను. పొద్దున పొడి మజ్జిగలో. మధ్యాహ్నం సగ్గుబియ్యం జావ. రాత్రి కూడా జావే. పప్పు, పూరీ, పకోడీ, నీకు ఇష్టమైనవి ఏవీ వద్దు. బాలాంబకి విడిగా కవరు రాశాను. నీ మాట వినొద్దని కూడా రాశాను.

ఒళ్ళు తేలిక అవుతోందని సంబరపడుతున్నావా? నీరు పోతే తేలిక కాదూ మరి! బాబుకి మూడు రోజుల జ్వరమేరా. మొదటి రోజు వాడు కూడా "ఏం లేదమ్మా, తగ్గిపోతుంది" అన్నాడు. ఆ మాట ఇంకెవరి నోటా నేను వినలేను. బేగి కబురు చెయ్యి.

నీ అక్క,
వర్ధనమ్మ

తా.క. బట్టలు నువ్వే ఉతుక్కుంటున్నావని చదివి ఏడ్చాను. చిన్నప్పుడు నేను ఉతకలేదా? నీకు సిగ్గయితే సంచీలో వేసి మూతి కట్టి బస్సులో పంపెయ్యి. లోపల ఏమున్నాయో తాతబ్బాయికి చెప్పకు.


పాయకరావుపేట,
3-1-1983

అక్కకి నమస్కారాలు.

ఈసారి ఇన్‌లాండ్ లెటరు కొన్నాను. అంటించాను కూడా.

అక్కా, నాకు విరేచనాలు లేవు. ఎప్పుడూ లేవు. ఇప్పుడు నాలుగు రోజులుగా అసలే లేవు, నీ దానిమ్మ తొక్కల పుణ్యమా అని. తాతబ్బాయి పొట్లాలు చేతికివ్వకుండా బస్‌స్టాండులో నిలబడి "సోమసుందరం గోరూ, మీ మోషన్ల మందొచ్చిందండీ!" అని కేకేశాడు. మా ఆఫీసు వాళ్ళు నలుగురు అక్కడే టీ తాగుతున్నారు. మర్నాడు నా కుర్చీ తీసి తలుపు దగ్గర వేశారు, దగ్గరగా ఉంటుందని. పదేళ్ళుగా హెడ్ గుమస్తాని, నాకు జరిగిన మొదటి మర్యాద అదే.

బాలాంబ నీ కవరు దేవుడి పటం పక్కన పెట్టుకుంది. జావ తప్ప గరిటె కదలదు. "పెద్దొదినగోరు సెప్పారు" అంటుంది.

నేను రాసింది నిజం పరుగు. కాళ్ళతో పరిగెత్తడం. బట్టలు తడిసేది చెమటకి. ఇంటి నుంచి తాండవ గట్టు, గట్టు నుంచి ఇల్లు. దాచి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను. ఫిబ్రవరి 27, ఆదివారం, పెంటకోటలో సముద్రపు ఒడ్డు రోడ్డు మీద ఆరు మైళ్ళ పరుగు పందెం ఉంది కదా. అందులో పేరిచ్చాను. నన్ను వెటరన్లలో వేశారు.

కోప్పడకు. కోప్పడితే నా మీద పడు, బాలాంబకి మళ్ళీ కవరు రాయకు.

నీ తమ్ముడు,
సోమసుందరం

తా.క. బూట్లు కాస్త బిగువు. కుడి బొటనవేలి గోరు నల్లబడింది. దీనికి మందు పంపకు.


నర్సీపట్నం,
10-1-1983

ఒరే బుల్లోడా,

ఎలక్షన్ల గోలలో నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. వచ్చాక రెండు పూటలు అన్నం తినలేదు నేను.

వెటరన్ అంటే ఏమిటో నాకు తెలియలేదు. నేను చదివింది మూడో క్లాసు. డాక్టరు మాటలా ఉందే, ఏం రోగమో అని భయపడి పశువుల ఆసుపత్రి కాంపౌండరు దేవుళ్లు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి రెండుసార్లు చదివి, "ఇది వెటర్నరీ అమ్మా, రాయడం తప్పు రాసేరు. మా డిపార్టుమెంటే" అన్నాడు. మనిషిని మీ డిపార్టుమెంటులో ఎందుకు వేశారండీ అన్నాను. ఆయన ఆలోచించి, "ఎడ్ల పరుగై ఉంటాదమ్మా. ఎడ్ల పక్కన ఒక మనిషి పరిగెత్తాల కదా" అన్నాడు.

బాబు పరిగెత్తిన మూడేళ్ళూ ఎడ్లు లేవు. కొత్తగా పెట్టారు కాబోలు. చిన్నప్పుడు దూడ నాకితే ఊరంతా వినపడేలా ఏడ్చినవాడివి, ఎడ్ల పక్కన పరిగెత్తుతావా?

బుల్లోడా, ఎడ్లు ఉన్నా లేకపోయినా వద్దు. అది బాబు పరిగెత్తిన పందెం. వాడు పరిగెత్తడం వల్ల పోలేదని డాక్టరు చెప్పాడు. సరే, ఆయన నాకు చెప్పాడు. నా మనసుకి ఎవరు చెబుతారు? నాకు లేకలేక పుట్టింది ఒక్క కొడుకు. నాతో పుట్టింది ఒక్క తమ్ముడు. ఇద్దరిలో ఒకణ్ణి ఇచ్చేశాను. ఇక ఎవరికీ ఏమీ ఇవ్వను.

పేరు కొట్టించెయ్యి.

వర్ధనమ్మ

తా.క. దేవుళ్లు గారు ముందు రోజు ఎడ్లకి గానుగచెక్క నానబెట్టి పెట్టమన్నారు, దమ్ము వస్తుందట. మా తమ్ముడికి కూడా పెట్టవచ్చా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "కొద్దిగా పర్లేదు" అన్నారు. నువ్వు మానేస్తున్నావు కాబట్టి అక్కర్లేదనుకో.


పాయకరావుపేట,
17-1-1983

అక్కకి నమస్కారాలు.

ముందుగా దేవుళ్లు గారికి నా నమస్కారాలు చెప్పు. వెటరన్ అంటే పశువు కాదు. వయసు మళ్ళినవాడు. నలభై దాటినవాళ్ళని విడిగా ఆ గుంపులో వేస్తారు. ఎడ్లు లేవు. ఉంటే నాకంటే ముందే ఇంటికి చేరతాయి.

ఎందుకు పరిగెత్తుతున్నానో నువ్వు అడగలేదు. అడగకుండా ఉంటే బాగుండునని ఇన్నాళ్ళూ నేనూ అనుకున్నాను.

రెండేళ్ళ కిందట, బాబు చివరిసారి పరిగెత్తిన రోజు, నేను పెంటకోట ఒడ్డున పకోడీల పొట్లం పట్టుకుని నిలబడ్డాను. వాడు పరుగు ముగించి వచ్చి, ఆ చెమటతోనే నన్ను కావలించుకుని, నా పొట్లంలో సగం తినేసి, "మావయ్యా, వచ్చే ఏడు నువ్వు నా పక్కన పరిగెత్తాలి. లేపోతే నీ బొజ్జ నీకంటే ముందు రిటైరైపోద్ది" అన్నాడు. "అలాగేలేరా" అన్నాను. ఏదో నోటి చివర అనేసిన మాట, అక్కా. పొట్లం లాక్కోవడానికి అన్నాను.

వచ్చే ఏటికి వాడు లేడు. పందెం రోజున ఆఫీసుకి సెలవు పెట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. రోడ్డు మీద కుర్రాళ్ళ అరుపులు వినపడుతూనే ఉన్నాయి. ఈ ఏడు పడుకోలేను.

నువ్వు వద్దంటే మానేస్తాను. నువ్వు వద్దన్నాక నేను చేసిన పని జన్మలో ఒక్కటే, సిగరెట్టు. పరుగు మొదలుపెట్టాక అదీ పోయింది.

సరే అంటే మాత్రం ఒక ఉపకారం చెయ్యాలి. యాభై దాటినవాళ్ళకి ఇంటి పెద్ద ఒప్పుకున్నట్టు సంతకం కావాలట. నా ఫారం ఇచ్చేశాను. ఇందులో ఇంకో ఫారం పెట్టాను. సంతకం పెట్టి, దాని మీదున్న పందెం సంఘం అడ్రసుకే పోస్టు చెయ్యి. వాళ్ళు నా దానికి జతచేస్తారు.

నీ తమ్ముడు,
సోమసుందరం

తా.క. బాలాంబని అడిగాను సంతకం పెట్టమని. "నా పుస్తెల మీద నేనే సంతకం ఎడతానేటి?" అంది.


నర్సీపట్నం,
28-1-1983

ఒరే బుల్లోడా,

నీ ఉత్తరం చదివి వారం పాటు మిషను సొరుగులో పెట్టేశాను. నిన్న బాబు ట్రంకుపెట్టె తెరిచాను. వాడు పోయాక తెరవడం ఇదే. పైన డ్రిల్లు నిక్కర్లు, వాటి కింద ఈల, ఈల కింద నోటుబుక్కు. పిల్లల పేర్లు, ఎవడు ఎంత దూరం దూకాడు, ఎవడికి దెబ్బ తగిలింది, అన్నీ రాసుకున్నాడు. చివరి కాగితం మీద ఇలా ఉంది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"వచ్చే ఏడు పెంటకోట. మావయ్య: రోజూ ఒక మైలు. పూరీ బంద్. పకోడీ బంద్. మొదటి నెల నవ్వకూడదు."

నువ్వు నోటి చివర అన్న మాట వాడు పుస్తకంలో రాసుకున్నాడురా.

దాని కింద ఇంకో లైను కూడా ఉంది. అది నీకు సంబంధించింది కాదు.

సంతకం పెట్టాను. పోస్టు చేశాను. పరిగెత్తు. కానీ మెల్లగా పరిగెత్తు. గుండె దడదడలాడితే కూర్చో. ఎవరైనా దాటిపోతే పోనీ, వాళ్ళకి ఏం పనులున్నాయో. చూడ్డానికి మాత్రం నన్ను పిలవకు. ఆ ఒడ్డున నిలబడి, వచ్చే వాళ్ళలో వాడు లేడని ఒక్కొక్కళ్ళనీ చూసి తెలుసుకోలేను.

నీ అక్క,
వర్ధనమ్మ

తా.క. ఆ ఫారంలో పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్నాయి. ఎవరి పేరు ఎక్కడో తెలియలేదు. పెద్దరికం ప్రకారం పై గీత మీద నా పేరు రాశాను, కింది గీత మీద నీ పేరు రాశాను. వయసు కూడా అడిగారు. పెద్దదానికి నిజంగా పెద్ద వయసుందో లేదో చూసుకోవాలి కాబోలు. అరవై ఒకటి అని వేశాను.


పాయకరావుపేట,
19-2-1983

అక్కకి నమస్కారాలు.

నీ కాగితం సంఘానికి అందిందట. పరుగెత్తేవాళ్ళు తగిలించుకునే నంబరు గుడ్డ నాకు ఇచ్చారు. నలభై ఒకటి. "మీ తరఫున రెండు నంబర్లు రాసేమండీ" అన్నాడు సెక్రటరీ. ఒకటి రొమ్ముకి, ఒకటి వీపుకి అయి ఉంటుంది. నాకు మాత్రం ఒక్కటే ఇచ్చారు. రెండోది అడిగితే "అది పోస్టులో పంపేశామండీ" అన్నాడు. ఇంతవరకు రాలేదు. పోనీలే, నన్ను వెనక నుంచి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు, అందరూ ముందే వెళ్ళిపోతారు.

ఇప్పుడు ఐదు మైళ్ళు ఆగకుండా వెళ్తున్నాను. ఆరో మైలు సంగతి దేవుడికే తెలియాలి. ఆయన ఇంకా చెప్పలేదు.

పిలవకు అన్నావు. పిలవడం లేదు. పెంటకోట ఒడ్డున ఆదివారం పొద్దున గాలి బాగుంటుందని మాత్రం రాస్తున్నాను.

నీ తమ్ముడు,
సోమసుందరం


పాయకరావుపేట,
1-3-1983

అక్కకి నమస్కారాలు.

అయిపోయింది. ఆరు మైళ్ళూ పరిగెత్తాను. బతికే ఉన్నాను. మంచం మీద నుంచి రాస్తున్నాను. కూర్చోగలను, లేవలేను. లేస్తే కూర్చోలేను.

నీకు అబద్ధం రాయను. అందరికంటే ఆఖరు నేనే. నాలుగో మైలు దగ్గర చేపల కావిడివాడు నన్ను దాటాడు. కావిడితో సహా. దాటుతూ, "బాబూ, బేగెల్లాలా? కావిట్లో కూకుంటారేటి?" అని అడిగాడు. వద్దన్నాను కానీ, అక్కా, ఒక్క క్షణం ఆలోచించాను.

తర్వాత జరిగింది బాలాంబకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. చెమట పడి కళ్ళజోడు మసకబారితే తీసి జేబులో పెట్టుకున్నాను. ఆఖరి మలుపు తిరిగేసరికి అంతా పొగలా ఉంది. ఆ పొగలోంచి ఒక ఆడమనిషి ఆకారం నా వైపు వచ్చింది. లేత రంగు చీర. చేతిలో ఏదో మెరుస్తోంది. "తాగరా సన్నాసీ, తాగు" అంది. గొంతు అచ్చం మన ఇంటి గొంతు. అమ్మ వచ్చింది, నన్ను తీసుకుపోవడానికి వచ్చింది అనుకున్నాను. అది తాగితే ఇక అంతే అనుకుని, నోరు గట్టిగా మూసుకుని పరుగు తీశాను. ఆకారం వదలలేదు. ఎదురుగానే ఉంది, పక్కకి తిరిగితే పక్కకి వచ్చింది. ఆ అర మైలు పరిగెత్తినట్టు నేను జన్మలో పరిగెత్తలేదు. గీత దాటడం తెలుసు. తర్వాత తాటాకు పందిరి కింద కళ్ళు తెరిచాను. బాలాంబ విసనకర్రతో విసురుతోంది, అదే విసనకర్రతో మధ్యమధ్య కొడుతోంది.

అన్నిటికంటే అవమానం ఇంకోటి. నాకంటే ముందు ఎవరో అరవై దాటిన ముసలావిడ కూడా గీత దాటిందట. ఆవిడకి ఫస్టు ప్రైజట! మైకులో చెప్పారు. పేరు వినపడలేదు. ఎవరో గానీ మహా గట్టి పిండం.

నువ్వు వస్తావేమోనని మొదలుపెట్టే చోట వెతికాను. రాలేదు. పర్లేదు.

ఇంకొకటి ఉంది. చాలా రోజులుగా చెప్పాలని, ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాను. బాబు బూట్ల సంగతి. వచ్చే వారం నేనే వచ్చి ఎదురుగా చెబుతాను. జోగులమ్మతో మాట్లాడు.

నీ తమ్ముడు,
సోమసుందరం


నర్సీపట్నం,
5-3-1983

ఒరే బుల్లోడా,

నీకు ఎదురొచ్చింది అమ్మ కాదు. అమ్మ నిన్ను ఎప్పుడూ సన్నాసీ అనలేదు. అనేది నేనే.

నీ ఆరో మైలు సంగతి దేవుడు నీకు చెప్పలేదన్నావు. నాకూ చెప్పలేదు, కానీ బాబు చెప్పాడు. నోటుబుక్కులో నీ లైను కింద ఇంకో లైను ఉందన్నానే. అది ఇది. "అమ్మ: ఆఖరి మలుపు దగ్గర మజ్జిగ. ఉప్పు ఎక్కువ." నన్ను అడగకుండానే నాకూ ఒక పని రాసి పెట్టాడురా వాడు. కొడుకు చెప్పిన పని ఉండగా ఇంట్లో కూర్చోవడం ఎలా?

పందేనికి వారం ముందు నాకు పోస్టులో గుడ్డముక్క వచ్చింది. నలభై రెండు అని ఉంది. పెద్దవాళ్ళని లోపలికి రానిచ్చే టిక్కెట్టు అనుకున్నాను. దర్జాగా భుజం మీద పిన్నీసులు పెట్టుకుని, మజ్జిగ క్యాను పట్టుకుని తొలి బస్సు ఎక్కాను. తాతబ్బాయి ఆ నంబరు చూసి, "టిక్కెట్టక్కర్లేదమ్మా, ఇది ఏదో పెద్ద డ్యూటీలా ఉంది" అన్నాడు. ఏడాది మూడు నెలలకి గడప దాటాను. దాటినప్పుడు ఏమీ తెలియలేదు. క్యాను తొణకకుండా చూసుకోవడంలోనే సరిపోయింది.

పెంటకోటలో నా నంబరు చూసి కుర్రాళ్ళు చేయి పట్టుకుని ఆఖరి మలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. "మీరిక్కడే నిలబడాలమ్మా" అన్నారు. వీళ్ళకి కూడా బాబు చెప్పి ఉంటాడనిపించింది. ఒకడు రోడ్డు మీద సున్నంతో గీత గీసి, నా ముందు నిలబడి ఈల ఊదాడు. ఊదడం వచ్చినవాడు ఊదాడురా. ఆ ఈలకి నా కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను. వాడు మళ్ళీ ఊదాడు. "ఎల్లండమ్మా" అన్నాడు. "మా తమ్ముడు రానీ నాయనా" అన్నాను. వాడు బుర్ర గోక్కున్నాడు. గంట సేపు గోక్కుంటూనే ఉన్నాడు. ఎంత గౌరవం చూపిస్తున్నారు అనుకున్నాను.

వచ్చే కుర్రాళ్ళందరినీ చూశాను. వాడు లేడని ఒక్కొక్కళ్ళనీ చూసి తెలుసుకోవాలని భయపడ్డానే, అలా ఏమీ జరగలేదు. ప్రతివాడి కాళ్ళలోనూ కొంచెం కొంచెం ఉన్నాడు. నలుగురికి మజ్జిగ పోశాను. "ఉప్పెక్కువైందమ్మా" అన్నాడు ఒకడు. "అలాగే రాసుంది" అన్నాను.

అందరూ వెళ్ళిపోయాక నువ్వు వచ్చావు. పరుగు అనుకోమంటే అనుకుంటాను. మొహం కందిపోయి, నోరు తెరుచుకుని, మూడేళ్ళప్పుడు జ్వరంలో ఉన్నట్టే ఉన్నావు. గ్లాసు పట్టుకుని ఎదురొస్తే నోరు మూసుకుని పారిపోతావా! నాకు ఒళ్ళు మండింది. నీకు మందు తాగించడానికి పెరడంతా తిరిగిన మనిషిని, రోడ్డు మీద వదులుతానా? నీ ఎదురుగా ఉండి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తాగు తాగు అంటూ వచ్చాను. చప్పట్లు వినపడ్డాయి. నువ్వు తాగాలని కొడుతున్నారనుకున్నాను. వెనక ఏదో తాడు వీపుకి తగిలి తెగింది.

సెక్రటరీ వచ్చి నా చేతిలో స్టీలు టిఫిన్ క్యారేజీ పెట్టాడు. యాభై దాటిన ఆడవాళ్ళకి ఆఖరి మలుపు నుంచి అర మైలేనట పందెం. పేరిచ్చింది నేనొక్కదాన్నేనట. పై గీత మీద రాసినవాళ్ళే పరిగెత్తాలట! "నేను తమ్ముడికి మజ్జిగ ఇవ్వడానికి వచ్చాను బాబూ" అని రెండుసార్లు చెప్పాను. "వెనక్కి నడిచి గెలిచినవాళ్ళని ఇప్పుడే చూశామండీ" అని దండ వేశాడు.

అది వదిలించుకుని నీ పందిరి దగ్గరికి వచ్చాను. ముందు నీ కాళ్ళు కనిపించాయి. మంచం మీద నుంచి బయటికి చాపుకుని ఉన్నాయి. కుడి బూటు పక్కన ఎర్రదారం.

నా కుట్టు నాకు తెలియదా, బుల్లోడా?

బాలాంబ అటు తిరిగి విసురుతుండగా అక్కడి నుంచే తిరిగి వచ్చేశాను. కోపం వచ్చి కాదు. వాడు కూడా కాళ్ళు అలాగే మంచం బయటికి పెట్టి పడుకునేవాడు. ఇంకొంచెం సేపు ఉంటే నిద్ర లేపి, నాలుగు తిట్టి, బడికి టైమైందని చెప్పేసేదాన్ని. బస్సులో తాతబ్బాయి ముందు సీటు ఖాళీ చేయించాడు. వీధి మలుపు దాకా క్యారేజీ తనే పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే జోగులమ్మ దగ్గర కూర్చుని, తప్పయిపోయిందే, బూట్లు దొరికాయన్నాను. "ఎక్కడున్నాయమ్మా?" అంది. "పెంటకోటలో పరిగెడుతున్నాయే" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత నా పందెం సంగతి చెబితే ఇద్దరం నవ్వాం. క్యారేజీ నాలుగు గిన్నెల్లో రెండు తనకి ఇచ్చాను. గిన్నెలతో మాట్లాడటం మానేసింది. నాతో మొదలుపెట్టింది, ఆపడం లేదు.

బూట్లు తిరిగి ఇవ్వడానికి రాకు. బాగు చేయించుకోవడానికి రా. వాడి కాలు నీకంటే సన్నం. బొటనవేలి దగ్గర కుట్టు విప్పి గుడ్డముక్క వేసి వెడల్పు చేస్తాను. దారం మళ్ళీ ఎర్రదే వేస్తాను. వచ్చే ఏడు ఆ మహా గట్టి పిండాన్ని నువ్వు దాటాలి కదా. ఈసారి నేను ముందుకి నడుస్తాను, జాగ్రత్త.

నీ అక్క,
వర్ధనమ్మ
(నంబరు నలభై రెండు)

తా.క. క్యారేజీతో పాటు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటే దేవుళ్లు గారికి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి, నా వైపు చాలా జాలిగా చూసి, "అమ్మా, మిమ్మల్నీ మా డిపార్టుమెంటులోనే ఏసేసేరు" అన్నారు.

బాలాంబకి కూడా ఈ కవరులోనే చీటీ పెట్టాను. జావ మాన్పించమని రాశాను. పకోడీలు వద్దని వాడు రాశాడు కాబట్టి అవి వద్దు. ముద్దపప్పు, నెయ్యి, వంకాయ కూర చేయమన్నాను. ఇంకో ముద్ద పెట్టమంటే వద్దనకు. కడుపునిండా అన్నం తిను.